సౌర పవనం నుంచి అయనావరణం దాకా: విద్యుత్ క్షేత్రం లెక్క ఎక్కడ తేడా కొడుతుంది

సూర్యుడి నుంచి వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహమైన సౌర పవనం సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, దాంతోపాటు దక్షిణానికి తిరిగిన 5 నానోటెస్లాల అయస్కాంత క్షేత్రం వస్తోంది అనుకుందాం. ఇందులో అసాధారణం ఏమీ లేదు. రెండింటినీ గుణిస్తే మీటరుకు 2 మిల్లీవోల్టుల విద్యుత్ క్షేత్రం. అయస్కాంతావరణం (భూమి అయస్కాంత క్షేత్రం పరుచుకున్న ప్రాంతం) అడ్డంగా సుమారు 30 భూవ్యాసార్ధాలు, అంటే 1,90,000 కిలోమీటర్లు. ఈ అంచు నుంచి ఆ అంచుకు లెక్కేస్తే 380 కిలోవోల్టులు రావాలి. కానీ అలాంటి వేళ ధ్రువాల మీదుగా వెళ్లే ఉపగ్రహాలకు కనిపించేది 60 నుంచి 80 కిలోవోల్టులే. అంటే ఐదో వంతే కిందికి, అయనావరణానికి (వాతావరణంలో పై ఎత్తున విద్యుదావేశ కణాలుండే పొరకు) దిగింది. మిగతా సౌర పవనం భూమి క్షేత్రంతో ముడిపడకుండా పక్కల నుంచి జారిపోయింది.

ఎంత దిగుతుంది? దిగింది ఎలా పరుచుకుంటుంది? అందులో భూమధ్యరేఖ దాకా ఎంత చేరుతుంది? సౌర పవనం కొలతల నుంచి అయనావరణపు విద్యుత్ క్షేత్రాన్ని లెక్కించే మోడల్ పని, ఈ మూడింటికీ వరుసగా జవాబు చెప్పడమే. మొదటి ప్రశ్న మీద అరవై ఏళ్లుగా గట్టి కృషి జరిగింది, మామూలు రోజుల్లో జవాబు బాగానే వస్తుంది. పట్టు తప్పేది ఎక్కువగా తర్వాతి రెండు ప్రశ్నల దగ్గరే. అక్కడ తీర్పు చెప్పేది అయనావరణం వాహకత, అంటే ఆ పొర కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందన్నది. పెద్ద తుఫాను వేళల్లో మొదటి ప్రశ్నకు జవాబును కూడా అదే మార్చేస్తుంది. సౌర పవనం డేటా మీద పెట్టే శ్రద్ధలో సగమైనా వాహకత మీద పెట్టని మోడల్, వోల్టేజీ సరిగ్గా చెప్పి కూడా క్షేత్రాన్ని తప్పు చెబుతుంది.

జరిగేదేమిటో క్లుప్తంగా. 1961లో జేమ్స్ డంగీ చెప్పినట్టు, సౌర పవనం తెచ్చే క్షేత్రం దక్షిణానికి తిరిగి ఉంటే పగటివైపు అంచున అది భూమి క్షేత్రరేఖలతో కలిసిపోతుంది. దీన్నే రీకనెక్షన్ అంటారు. అలా తెరుచుకున్న రేఖల ఒక కొస ధ్రువం మీద, రెండో కొస సౌర పవనంలో ఉంటుంది. రేఖ పొడవునా ఉన్న ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) మంచి వాహకం కాబట్టి పైనున్న వోల్టేజీ పెద్దగా తగ్గకుండా 100–130 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగుతుంది. తెరుచుకున్న రేఖలు దిగే ధ్రువప్రాంతం అడ్డంగా సుమారు 3,500 కిలోమీటర్లు. 70 కిలోవోల్టులను దానికి పంచితే మీటరుకు 20 మిల్లీవోల్టులు. అక్కడి భూ అయస్కాంత క్షేత్రం 50,000 నానోటెస్లాలు, కాబట్టి ప్లాస్మా సెకనుకు 400 మీటర్ల వేగంతో పగటివైపు నుంచి రాత్రివైపుకు కదులుతుంది. ఆపైన ధ్రువకాంతుల అక్షాంశాల మీదుగా రెండు పక్కలా వెనక్కి తిరుగుతుంది. మ్యాపుల్లో కనిపించే రెండు సుడుల ఆకారం ఇదే.

డేటాతోనే మొదలయ్యే తప్పులు

సౌర పవనం కొలతలు భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్-1 బిందువు దగ్గరివి. 1994 నాటి విండ్, 1997 నాటి ఏస్, 2015 నాటి డిస్కవర్ ఈ పని చేసిన వ్యోమనౌకలు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి 6న ఆ బిందువు చుట్టూ కక్ష్యలో చేరింది. దాని మాగ్నెటోమీటరును 6 మీటర్ల కడ్డీ మీద బిగించారు. నౌకలోని కరెంట్లు పుట్టించే క్షేత్రం కొలవాల్సిన క్షేత్రంలో కలవకుండా ఉండాలంటే అంత ఎడం కావాలి.

సెకనుకు 400 కిలోమీటర్ల వేగంలో ఎల్-1 నుంచి భూమికి 62 నిమిషాలు పడుతుంది, 800 అయితే 31. పైగా అయస్కాంత క్షేత్రం మారే ముఖం సూర్యుడు–భూమి రేఖకు నిటారుగా ఉండదు. అది వాలి ఉంటే రాక పది నిమిషాలకు పైగా ముందూ వెనకా అవుతుంది. ఈ నౌకల కొలతలను కలిపి నాసా ఇచ్చే ఆమ్నీ డేటా ఈ ఆలస్యాన్ని ముందే సరిచేసి, భూమి ముందున్న ఆఘాత తరంగం దగ్గరి సమయానికి జరిపి ఇస్తుంది. ఆ సంగతి చూసుకోకుండా మళ్లీ గంట జరిపేవాళ్లు చాలామంది. ఫలితం ఒక గంట ఆలస్యంగా, చూడ్డానికి మాత్రం నమ్మకంగా వస్తుంది.

ఇంకా మోసం చేసేది అయస్కాంత క్షేత్రం తిరిగిన కోణం. క్షేత్రం పూర్తిగా ఉత్తరానికి ఉంటే 0 డిగ్రీలు, దక్షిణానికి ఉంటే 180. ఒక నిమిషం 359, మరో నిమిషం 1 అయితే సగటు 180 వస్తుంది. ఉత్తర క్షేత్రం కాస్తా నిండు దక్షిణ క్షేత్రమై కూర్చుంటుంది, మోడల్ లేని తుఫానును చూపిస్తుంది. తూర్పు–పడమర, ఉత్తర–దక్షిణ అంశాలను విడివిడిగా సగటు చేసి, ఆ తర్వాతే కోణం తీయాలి. సగటు 15–20 నిమిషాలది ఉంటే మంచిది, ఎందుకంటే ధ్రువప్రాంతపు ప్రవాహం కొత్త పరిస్థితికి సర్దుకోవడానికి దాదాపు అంత సమయమే పడుతుంది. కొలత లేని నిమిషాల్లో ఆమ్నీ పెట్టే 9999.99 అనే అంకెను తీసేయకపోతే ఒక్క నిమిషం మొత్తం సగటును పాడు చేస్తుంది. నిర్దేశాంకాలు కూడా చూసుకోవాలి. రీకనెక్షన్‌కు కావాల్సింది భూమి అయస్కాంత అక్షంతో ముడిపడిన జీఎస్‌ఎం అక్షాలు, క్రాంతివృత్తంతో ముడిపడిన జీఎస్‌ఈ కాదు. రెండింటి మధ్య 30 డిగ్రీల తేడా ఉన్న గంటలో తూర్పు–పడమర అంశం 10 నానోటెస్లాలు ఉంటే, 5 నానోటెస్లాల దొంగ ఉత్తర–దక్షిణ అంశం పుట్టుకొస్తుంది.

వోల్టేజీ: సూత్రం ఎక్కడిదాకా నడుస్తుంది

1997లో బాయిల్, సహ పరిశోధకులు డీఎంఎస్‌పీ అనే అమెరికా సైనిక వాతావరణ ఉపగ్రహాల కొలతల నుంచి తీసిన సూత్రం ఇప్పటికీ చేతికందే సాధనం. వేగాన్ని వర్గం చేసి 10,000తో భాగించాలి. దానికి, క్షేత్రాన్ని 11.7తో, సగం కోణం సైన్ ఘనంతో గుణించి కలపాలి. జవాబు కిలోవోల్టులలో వస్తుంది. మొదటి ఉదాహరణకే వేస్తే 16కు 58.5 కలిపి 74.5. కొలతలతో సరిపోయింది.

ఇప్పుడు అదే సూత్రానికి తుఫాను అంకెలు ఇద్దాం. వేగం 750, దక్షిణ క్షేత్రం 50 నానోటెస్లాలు, అంటే 2024 మే 10 నాటి తుఫాను తరహా. జవాబు 641 కిలోవోల్టులు. ధ్రువప్రాంతం మీద అలాంటి వోల్టేజీ కనిపించదు. పెద్ద తుఫానుల్లో వోల్టేజీ 200 కిలోవోల్టుల చుట్టుపక్కలకు వచ్చాక పెరగడం బాగా మందగిస్తుంది. సూత్రం తప్పు కాదు, నిలకడైన మామూలు పరిస్థితుల డేటా మీద కట్టిన గీతను దాని హద్దు దాటించి సాగదీయడమే తప్పు.

ఈ హద్దుకు హిల్, సిస్కో ఇచ్చిన వివరణ నిలబడింది. అయనావరణం వాహకత పెరిగేకొద్దీ అదే వోల్టేజీకి క్షేత్రరేఖల వెంట ఎక్కువ కరెంటు ప్రవహిస్తుంది. ఆ కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం పగటివైపు అంచున భూమి క్షేత్రాన్ని బలహీనపరిచి, రీకనెక్షన్‌కే అడ్డుపడుతుంది. లెక్కలో రెండు వోల్టేజీలు తీస్తారు. ఒకటి అడ్డు లేకపోతే వచ్చేది: 57.6ను సౌర పవనపు విద్యుత్ క్షేత్రంతో గుణించి, పీడనం ఆరో మూలంతో భాగించి, 30 కలపాలి. రెండోది గరిష్ఠ హద్దు: 1,600ను పీడనం ఘనమూలంతో గుణించి, వాహకతతో భాగించాలి. క్షేత్రం మీటరుకు మిల్లీవోల్టుల్లో, పీడనం నానోపాస్కల్‌లలో, వాహకత సీమెన్స్‌లో ఉండాలి. చివరికి రెండు వోల్టేజీల లబ్ధాన్ని వాటి మొత్తంతో భాగిస్తే అసలు వోల్టేజీ.

ప్రశాంత రోజున పీడనం 2 నానోపాస్కల్‌లు, వాహకత 10 సీమెన్స్ అయితే దాదాపు 80 కిలోవోల్టులు, బాయిల్ జవాబుకు దగ్గరే. తుఫాను అంకెలతో, ఘన సెంటీమీటరుకు 20 ప్రోటాన్లు అనుకుంటే, పీడనం 19 నానోపాస్కల్‌లు. వాహకత 10 సీమెన్స్ ఉంచితే సుమారు 320 కిలోవోల్టులు, 20 సీమెన్స్‌కు పెంచితే 185. సౌర పవనం మారలేదు. మారింది కింద 120 కిలోమీటర్ల ఎత్తులోని పొర మాత్రమే, అయినా జవాబు సగానికి దగ్గరగా పడిపోయింది. తుఫాను వేళ ధ్రువకాంతుల ఎలక్ట్రాన్లు వాహకతను పెంచుతాయి కాబట్టి ఆ రెండో అంకే వాస్తవానికి దగ్గర.

వాహకత, అసలు చిక్కు

వోల్టేజీ మొత్తం తెలిసినా, అది ఎలా పరుచుకుందో చెప్పాలంటే రెండు దారులున్నాయి. ఒకటి గణాంక మోడల్: 1980ల తొలినాళ్లలో పనిచేసిన డీఈ-2 ఉపగ్రహపు కొలతలను సౌర పవనం స్థితిని బట్టి వర్గాలు చేసి, గోళీయ హార్మోనిక్స్ అనే గణిత ప్రమేయాలతో అమర్చిన వైమర్ మోడల్ ఈ కోవది. వేగంగా నడుస్తుంది, కానీ సగటును మాత్రమే ఇస్తుంది. రెండోది భౌతిక దారి. మిషిగన్ విశ్వవిద్యాలయం వారి బ్యాట్స్-ఆర్-అస్ లాంటి ఎంహెచ్‌డీ (ప్లాస్మాను అయస్కాంత క్షేత్రంలో పారే ద్రవంగా లెక్కించే) మోడల్ అయస్కాంతావరణాన్ని భూమి కేంద్రం నుంచి 2.5–3 భూవ్యాసార్ధాల దూరం దాకా లెక్కిస్తుంది. అక్కడి నుంచి క్షేత్రరేఖల వెంట దిగే కరెంటును అయనావరణానికి అందిస్తుంది. ఆ కరెంటు, అయనావరణంలో అడ్డంగా ప్రవహించే కరెంటు ప్రతి బిందువు దగ్గరా సరితూగాలి. ఈ ఒక్క షరతు నుంచి పొటెన్షియల్ వస్తుంది. వచ్చిన పొటెన్షియల్‌ను తిరిగి పైకి పంపి తర్వాతి అడుగు వేస్తారు.

ఆ షరతులో కరెంటుకూ పొటెన్షియల్‌కూ మధ్య నిలిచేది వాహకత. సూర్యకాంతి ఇచ్చే భాగం సులువు. ఎయిస్కాట్ రాడార్ కొలతల నుంచి 1993లో మోయెన్, బ్రెక్కె ఇచ్చిన సూత్రం ప్రకారం, సూర్యుడి 10.7 సెంటీమీటర్ల రేడియో సూచిక 150 ఉన్న రోజున సూర్యుడు నడినెత్తి నుంచి 60 డిగ్రీలు వాలి ఉంటే పెడర్సన్ వాహకత (విద్యుత్ క్షేత్రం దిశలోనే కరెంటును పోనిచ్చేది) 9.6 సీమెన్స్. ధ్రువకాంతుల భాగానికి 1987 నాటి రాబిన్సన్ సూత్రం వాడతారు: ఎలక్ట్రాన్ల సగటు శక్తి 5 కిలోఎలక్ట్రాన్‌వోల్టులు, శక్తి ప్రవాహం చదరపు మీటరుకు 4 మిల్లీవాట్లు అయితే పెడర్సన్ 9.8 సీమెన్స్, హాల్ (విద్యుత్ క్షేత్రానికి లంబంగా కరెంటును పోనిచ్చేది) 17 సీమెన్స్.

రెండూ ఒకే చోట ఉంటే? కలిపితే 19.4 అనిపిస్తుంది, అది తప్పు. అయాన్లు ఎంత పుడితే అంత వేగంగా తిరిగి కలిసిపోతాయి కాబట్టి, ఎలక్ట్రాన్ సాంద్రత ఉత్పత్తి వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. కలపాల్సింది వర్గాలను. సరైన జవాబు 13.7. కరెంటు స్థిరమనుకుంటే, నేరుగా కలిపినవాళ్లకు క్షేత్రం 30 శాతం తక్కువ వస్తుంది. ఆ లోటును సౌర పవనం డేటాలో వెతుక్కుంటూ కూర్చుంటారు.

ధ్రువకాంతి లేని రాత్రి ప్రాంతంలో వాహకత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. అచ్చంగా సున్నా పెడితే సమీకరణానికి పరిష్కారమే ఉండదు, అందుకే ఏదో ఒక కనీస విలువ పెడతారు. 0.25 సీమెన్స్ పెట్టాలా, 1 పెట్టాలా అన్నది నిర్లక్ష్యంగా తేల్చే విషయం కాదు. అక్కడ కరెంటు కొద్దిగా ఉన్నా క్షేత్రం ఈ రెండు విలువల మధ్య నాలుగు రెట్లు మారుతుంది. కనీస విలువను మార్చి మోడల్‌ను మళ్లీ నడిపి, ఫలితం ఎంత కదిలిందో చూడనివాళ్లు రాత్రివైపు క్షేత్రం గురించి ఏమీ చెప్పకపోవడమే మేలు.

పరిష్కారం రాబట్టే దశలో చిక్కులు కొన్ని ఎప్పుడూ ఒకేలా వస్తాయి. హాల్ వాహకత వల్ల మాత్రిక సౌష్ఠవంగా ఉండదు, కాబట్టి మామూలు కాంజుగేట్ గ్రేడియెంట్ పద్ధతి పనికిరాదు. బైసీజీస్టాబ్ గానీ జీఎంరెస్ గానీ వాడాలి. సరిహద్దు దాటి కరెంటు పోదని షరతు పెట్టినప్పుడు, ఆ గోళార్ధంలో పైకి పోయే కరెంటు, కిందికి దిగే కరెంటు మొత్తం సమానంగా ఉండాలి. ఇరిడియం ఉపగ్రహాల కొలతల నుంచి వచ్చే యాంపియర్ అనే కరెంటు మ్యాపులనైనా, ఎంహెచ్‌డీ ఫలితాన్నైనా వాడేముందు ఈ రెండింటి మధ్య మిగులును తీసేయాలి. దక్షిణ గోళార్ధంలో భూమి క్షేత్రం పైకి ఉంటుంది, అక్కడ గుర్తు మార్చడం మరిస్తే రెండు సుడులూ తారుమారవుతాయి.

ఉష్ణం లెక్కకు ఇంకో జాగ్రత్త అవసరం. అయనావరణంలో కరెంటు పుట్టించే వేడి క్షేత్రం వర్గాన్ని బట్టి ఉంటుంది. సగటు మీటరుకు 20 మిల్లీవోల్టులు, దాని చుట్టూ ఊగిసలాట కూడా 20 అయితే, అసలు వేడి సగటు చూపే దానికి రెట్టింపు. నున్నటి గణాంక మోడల్ ఆ సగాన్ని మింగేస్తుంది. వేడికి పై వాతావరణం ఉబ్బుతుంది కాబట్టి, ఉపగ్రహాల మీద గాలి ఒరిపిడిని తక్కువ అంచనా వేయడానికి ఇదొక ముఖ్య కారణం.

భూమధ్యరేఖ దాకా చేరేది

తెలుగు నేల మీదుగా పోయే జీపీఎస్ సంకేతాలకు, వాటిని సరిదిద్దే మన దేశపు గగన్ వ్యవస్థ దిద్దుబాట్లకు సంబంధించింది ఈ చివరి మెట్టే. ప్రశాంత సమయంలో ధ్రువప్రాంతపు క్షేత్రం మన అక్షాంశాలకు రాదు. క్షేత్రరేఖల వెంట, ధ్రువకాంతుల వలయానికి ధ్రువం వైపు అంచున మొదటి శ్రేణి కరెంట్లు, భూమధ్యరేఖ వైపు అంచున వాటికి ఎదురుగా రెండో శ్రేణి కరెంట్లు ప్రవహిస్తాయి. 1976లో ట్రయాడ్ ఉపగ్రహ డేటాతో ఇజిమా, పొటెమ్రా చూపించిన రెండు వలయాలివి. రెండో శ్రేణి వలయం పుట్టించే క్షేత్రం బయటి క్షేత్రాన్ని కొట్టేసి కవచంలా నిలబడుతుంది. కానీ ఆ వలయం సర్దుకోవడానికి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. సౌర పవనపు క్షేత్రం అంతకంటే త్వరగా దక్షిణానికి తిరిగితే కవచం చాలక, విద్యుత్ క్షేత్రం నిమిషాల్లో భూమధ్యరేఖ దాకా చొచ్చుకొస్తుంది. పగటివైపు అది తూర్పు దిశగా, నడిరాత్రి తర్వాత పడమర దిశగా ఉంటుంది. క్షేత్రం హఠాత్తుగా ఉత్తరానికి తిరిగితే కవచమే ఎక్కువై దిశలు తిరగబడతాయి.

మోడల్‌లో ఇది కనిపించకపోవడానికి రెండు కారణాలు. ఒకటి మరీ సాదా తప్పు: 45 డిగ్రీల అక్షాంశం దగ్గర పొటెన్షియల్ సున్నా అని సరిహద్దు పెట్టడం. అలా పెట్టాక భూమధ్యరేఖ దగ్గర ఏమీ రాదు, రావడానికి దారే లేదు. సరిహద్దును భూమధ్యరేఖ దాకా దించి, వాహకతను క్షేత్రరేఖ పొడవునా కలిపి లెక్కించాలి. రెండోది, ఎంహెచ్‌డీ మోడల్ ఒంటరిగా నడిస్తే రెండో శ్రేణి కరెంటు బలహీనంగా వస్తుంది. ఆ కరెంటుకు మూలమైన వేడి అయాన్ల కదలికను ఎంహెచ్‌డీ సరిగా పట్టుకోలేదు. ఆ కదలికను లెక్కించే, రైస్ విశ్వవిద్యాలయం వారి ఆర్‌సీఎం లాంటి మోడల్‌ను జతచేస్తేనే కవచం నిలబడుతుంది, ఎంతసేపట్లో నిలబడుతుందో కూడా వస్తుంది.

త్వరగా అంచనా కావాలంటే, సౌర పవనపు విద్యుత్ క్షేత్రంలో పదో వంతు నుంచి పదిహేనో వంతు దాకా భూమధ్యరేఖకు చేరుతుందని తీసుకోవచ్చు. వేగం 500, క్షేత్రం సున్నా నుంచి ఒక్కసారిగా దక్షిణానికి 20 నానోటెస్లాలు అయితే, పైన మీటరుకు 10 మిల్లీవోల్టులు, కింద 0.7 నుంచి 1. భారతదేశపు దక్షిణ కొస దగ్గర భూ అయస్కాంత క్షేత్రం సుమారు 40,000 నానోటెస్లాలు కాబట్టి ప్లాస్మా పైకి లేచే వేగం సెకనుకు 17 నుంచి 25 మీటర్లు పెరుగుతుంది. గంటపాటు నిలిస్తే అయనావరణపు పొర 60–90 కిలోమీటర్లు అదనంగా లేస్తుంది. ఇది సూర్యాస్తమయ వేళ జరిగితే ప్రభావం ఎక్కువ, ఎందుకంటే ఆ సమయంలో పొర మామూలుగానే పైకి లేస్తూ ఉంటుంది. 2015 మార్చి 17 తుఫానులో అదే జరిగింది. భారత రేఖాంశాల మీద సాయంత్రం వేళకు క్షేత్రం చొచ్చుకొచ్చి, పొర బాగా ఎత్తుకు లేచి, రాత్రికి ప్లాస్మా బుడగలు (ప్లాస్మా పలచబడి రేడియో సంకేతాలను చెదరగొట్టే ప్రాంతాలు) పుట్టాయి.

పెరూలోని జికమార్కా రాడార్ డేటా మీద కట్టిన సంబంధాలను ఇక్కడ యథాతథంగా వాడకూడదు. అక్కడి క్షేత్రం 25,000 నానోటెస్లాలే, కాబట్టి మీటరుకు 1 మిల్లీవోల్టు అక్కడ సెకనుకు 40 మీటర్లు, ఇక్కడ 25.

సరిచూసుకోవడానికి మన దగ్గర ఉన్న వనరు మంచిదే. అయస్కాంత భూమధ్యరేఖ పక్కనే ఉన్న తిరునల్వేలి మాగ్నెటోమీటరు రీడింగ్ నుంచి, ఎలక్ట్రోజెట్ (అయస్కాంత భూమధ్యరేఖ మీదుగా పగలు పోయే బలమైన కరెంటు) అందని అలీబాగ్ రీడింగ్‌ను తీసేస్తే, అంతరిక్షంలో భూమి చుట్టూ తిరిగే వలయ కరెంటు ప్రభావం పోయి ఎలక్ట్రోజెట్ మిగులుతుంది. రెండింటి మధ్య దాదాపు 5 డిగ్రీల రేఖాంశం, అంటే 20 నిమిషాల స్థానిక కాలం తేడా ఉంది. అలీబాగ్ బదులు హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ పరిశీలనాలయం రీడింగ్ వాడితే ఆ తేడా దాదాపు ఉండదు. పగలు తిరుపతి దగ్గరి గాదంకి ఎంఎస్‌టీ రాడార్‌కు 150 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే ప్రతిధ్వనులు నిలువు వేగాన్ని నేరుగా ఇస్తాయి. రాత్రి దిగువ పొర వాహకత పోతుంది, ఎలక్ట్రోజెట్ ఉండదు, మాగ్నెటోమీటరు మౌనంగా ఉంటుంది. అప్పుడు, నేల నుంచి రేడియో తరంగాలు పంపి పొర ఎత్తును కొలిచే అయనోసోండ్‌లో కనిపించే ఎత్తు మార్పే ఆధారం.

ధ్రువాల వైపు సరిచూసేటప్పుడు సూపర్‌డార్న్ రాడార్ల మ్యాపులతో జాగ్రత్త. రాడార్‌కు ప్రతిధ్వని రాని చోట ఆ మ్యాపును గణాంక మోడల్ నింపుతుంది. అక్కడ పోలిక కుదిరిందంటే మోడల్ మరో మోడల్‌తో కుదిరిందనే అర్థం, కాబట్టి నిజంగా కొలత ఉన్న గడులను మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. డీఎంఎస్‌పీ అయితే సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. దాని దిశ అంచనాలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా సెకనుకు 130 మీటర్ల దొంగ ప్రవాహం కనిపిస్తుంది. భూమితో తిరిగే చట్రమా, స్థిర చట్రమా అన్నది కూడా తేల్చుకోవాలి. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ తేడా ఒక్కటే సెకనుకు 230 మీటర్లు, మీటరుకు దాదాపు 12 మిల్లీవోల్టులు.

తుఫాను మొదలైన కొన్ని గంటల తర్వాత భూమధ్యరేఖ దగ్గర ఇంకో క్షేత్రం కలుస్తుంది. ధ్రువప్రాంతంలో పుట్టిన వేడి గాలులను తోస్తుంది, ఆ గాలులు డైనమోగా పనిచేసి పగలు పడమర, రాత్రి తూర్పు దిశగా క్షేత్రాన్ని పుట్టిస్తాయి. 1980లో బ్లాంక్, రిచ్‌మండ్ దీన్ని వివరించారు. నిమిషాల్లో వచ్చేదీ గంటల్లో వచ్చేదీ ఒకే రీడింగ్‌లో కలగలిసి ఉంటాయి. అందుకే చొచ్చుకొచ్చే క్షేత్రాన్ని పరీక్షించడానికి తుఫాను తొలి రెండు మూడు గంటలనే తీసుకోవాలి. అవి పగటి వేళలో పడితే తిరునల్వేలి, గాదంకి రెండింటి రీడింగులూ ఒకేసారి చేతికి వస్తాయి.